లండన్‌లో లైవ్ మ్యూజిక్: సోహోనా, క్యామ్డెనా, డాల్‌స్టనా?

సెప్టెంబరులో చదువులకు కొత్త బ్యాచ్ దిగిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. "శుక్రవారం రాత్రి మంచి లైవ్ మ్యూజిక్ వినాలి, ఎటు వెళ్లమంటారన్నా?" అని.

నా లెక్కలో ముందు చూడాల్సింది ఒక్కటే: అక్కడికి వచ్చినవాళ్లు వింటారా, వినరా? సౌండ్ ఎంత బాగున్నా, పాడేవాళ్లు ఎంత పేరున్నవాళ్లైనా, పక్కన నలుగురు ఆఫీసు కబుర్లలో పడితే టికెట్ డబ్బులు గంగపాలే. ఒక పబ్బులో ఓ అమ్మాయి గిటార్‌తో నెమ్మదైన పాట ఎత్తుకుంది. రెండో చరణానికల్లా బార్ దగ్గరి నవ్వులే మాకు వినిపిస్తున్నాయి. పాపం, ఆమె గొంతు పెంచింది. గొంతు పెంచితే ఆ పాటే మారిపోయింది. అప్పటినుంచి చోటు ఎంచుకునేటప్పుడు నేను మొదట కనుక్కునేది ఇదే.

సోహోలో రానీ స్కాట్స్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. 1959లో జెరార్డ్ స్ట్రీట్‌లో మొదలై, 1965లో ఇప్పుడున్న ఫ్రిత్ స్ట్రీట్‌కి మారిన జాజ్ క్లబ్ ఇది. అమెరికన్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ చనిపోవడానికి రెండు రోజుల ముందు, 1970 సెప్టెంబరు 16న, ఇక్కడే వాయించాడు. బల్లల మీద చిన్న ఎర్ర దీపాలు, ఇరుకు కుర్చీలు. వాయించడం మొదలైతే జనం నోరు మూసుకుంటారు. చిక్కల్లా ఖర్చుతోనే. టికెట్ ఒకెత్తు, బల్ల ముందు కూర్చున్నాక తిండి, తాగుడు ఇంకో ఎత్తు. జేబు చూసుకునేవాళ్లు మెయిన్ షో వదిలేసి, ఆ తర్వాత జరిగే లేట్ షోకి వెళ్లండి. ధర బాగా తక్కువ, వాయించేవాళ్ల మీదా ఒత్తిడి తక్కువ.

క్యామ్డెన్ వేరే లోకం. డబ్లిన్ కాజిల్ అనే పబ్బు వెనక గదిలో కొత్త బ్యాండ్‌లు, అదే పార్క్‌వే వీధిలో జాజ్ కెఫేలో సోల్, ఫంక్. జాజ్ కెఫే వారాంతాల్లో కచేరీ అయ్యాక డాన్స్ క్లబ్‌గా మారిపోతుంది. నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి గంతులేయాలంటే క్యామ్డెన్‌కి తిరుగులేదు. శ్రద్ధగా వినాలని వెళ్తే మాత్రం నిరాశ తప్పదు.

నా ఓటు డాల్‌స్టన్‌కే. యాష్విన్ స్ట్రీట్‌లోని కెఫే ఓటో 2008 నుంచి ఉంది. పగలు కాఫీ కొట్టు, రాత్రి కచేరీ. ఎత్తైన వేదిక ఉండదు, నేల మీదే వాయిస్తారు. ముందు వరసలో కూర్చుంటే శాక్సఫోన్ మీటల టకటకలు, ఆర్టిస్ట్ గాలి పీల్చుకునే చప్పుడు కూడా వినిపిస్తాయి. సంగీతం ఎక్కువగా ప్రయోగాత్మకం. అరగంటపాటు తాళం దొరకని రాత్రులూ ఉంటాయి, అందుకు సిద్ధపడే వెళ్లాలి. అంత సాహసం వద్దనుకుంటే దగ్గర్లోనే గిల్లెట్ స్క్వేర్‌లో వోర్టెక్స్ ఉంది. చిన్న జాజ్ క్లబ్, ఎక్కువగా వాలంటీర్లే నడుపుతారు, రానీ స్కాట్స్ కంటే చాలా చౌక. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది వోర్టెక్సే. బయటికి రాగానే ఆకలేస్తే టర్కిష్ కబాబ్ హోటళ్లు ఉన్నాయి. మాంసం తిననివాళ్లు పప్పు సూప్, వేడి రొట్టె అడగండి, కడుపు నిండుతుంది.

బ్రిక్స్‌టన్ అకాడమీ పెద్ద హాలు, మీకిష్టమైన బ్యాండ్ వస్తే వెళ్లండి, అంతే. ఫ్యాబ్రిక్ లాంటి చోట్లది డీజేల వ్యవహారం, అది నా దారి కాదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపించే విగ్‌మోర్ హాల్‌లో 35 ఏళ్లలోపు వాళ్లకు 5 పౌండ్ల టికెట్లు ఇస్తారు. నిశ్శబ్దంలో దానికి సాటి లేదు, కాకపోతే అది సాయంత్రపు సంగతి, నైట్‌లైఫ్ కాదు.

ఇంటికెలా చేరతారన్నది ముందే చూసుకోండి, లేకపోతే ఆఖరి రైలు టెన్షన్‌లో ఆఖరి పాట చెవికెక్కదు. నైట్ ట్యూబ్, అంటే రాత్రంతా నడిచే మెట్రో రైళ్లు, శుక్ర, శనివారాల రాత్రులే. హౌన్‌స్లోలో ఉండేవాళ్లకు సోహో సుఖం, పికడిల్లీ లైన్ నేరుగా తీసుకెళ్తుంది. క్యామ్డెన్‌కి నార్తర్న్ లైన్ ఉంది. డాల్‌స్టన్ జంక్షన్ మీదుగా ఆ రెండు రాత్రులూ ఓవర్‌గ్రౌండ్ రైలు నడుస్తుంది, హైబరీ అండ్ ఇజ్లింగ్టన్‌లో దిగి విక్టోరియా లైన్ అందుకోవచ్చు. ఈస్ట్ హామ్ వాళ్లకే కష్టం: డిస్ట్రిక్ట్ లైన్‌లో నైట్ ట్యూబ్ లేదు, నైట్ బస్సే గతి.

ఇంకోటి, 25 ఏళ్లలోపు వాళ్లలా కనిపిస్తే తలుపు దగ్గరే ఐడీ అడుగుతారు. దానికోసం పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని రాత్రిళ్లు తిరగొద్దు. పోతే ఇండియన్ హైకమిషన్ చుట్టూ తిరగాలి. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్‌కి (మన లెర్నర్స్ లైసెన్స్ లాంటిది) అప్లై చేయండి, కారు నడిపినా నడపకపోయినా ఆ కార్డు ఐడీగా చెల్లుతుంది.