సింగపూర్ నుంచి న్యూయార్క్: ఏకబిగినా, మధ్యలో ఆగుతూనా?

సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో న్యూయార్క్‌కు టికెట్ వెతికితే రెండు దారులు కనిపిస్తాయి. ఒక విమానం ఏకబిగిన వెళ్తుంది. ఇంకొకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్తుంది. ఏది మేలని అడిగితే చాలామంది ముందు కిలోమీటర్లు చూస్తారు. పొరబడేది అక్కడే.

భూగోళం మీద కొలిస్తే ఈ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి సుమారు 15,350 కి.మీ. రేఖాంశాల్లో దాదాపు ఎదురెదురుగా ఉన్న ఊళ్లు కాబట్టి ఆ గీత ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. గోడమీది మ్యాపులో స్కేలు పెట్టి చూసేవాళ్లకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే 10,300, 6,200 కలిపి 16,500 కి.మీ. తేడా వెయ్యి చిల్లర. విమానానికి అది గంటా, గంటన్నర ప్రయాణం.

పోనీ, ఏకబిగిన వెళ్లేది ఆ దగ్గరి గీతే పట్టుకుంటుందా అంటే అదీ లేదు. చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే జెట్ గాలులు కలిసొస్తే పసిఫిక్ మీదుగా తిరిగి వెళ్తుంది. దారి 16,000 కి.మీ. దాటినా గాలి తోస్తుంది కాబట్టి ముందే చేరుతుంది!

టైమ్‌లో మాత్రం తేడా గట్టిగానే ఉంది. ఒకటి 18 గంటల పైచిలుకు, రెండోది దాదాపు ఒక రోజు. ఆగే రెండు గంటలతో పాటు దిగడానికి, మళ్లీ పైకి లేవడానికి పట్టే సమయమూ కలుస్తుంది.

మరి అందరూ ఏకబిగినే ఎందుకు ఎక్కరు? కారణం ఇంధనం, దానివల్ల పెరిగే టికెట్ ధర. అంత దూరానికి సరిపడా నింపుకుంటే, ఆ బరువును మోయడానికే అందులో కొంత ఖర్చవుతుంది. 2004లో నాలుగు ఇంజన్ల ఎయిర్‌బస్ ఎ340-500తో మొదలైన ఈ సర్వీసు ఆ భారం గిట్టుబాటు కాక 2013లో ఆగిపోయింది. రెండే ఇంజన్లతో, మరీ ఎక్కువ దూరాలకోసం తయారైన ఎ350-900 యుఎల్‌ఆర్ (అల్ట్రా లాంగ్ రేంజ్) వచ్చాక 2018లో మళ్లీ మొదలైంది. బరువు తగ్గించడానికి అందులో 161 సీట్లే పెట్టారు: బిజినెస్ 67, ప్రీమియం ఎకానమీ 94. మామూలు ఎకానమీ అసలు లేదు.

అంటే నిజమైన పోటీ దూరాల మధ్య కాదు, ఎక్కువ డబ్బు పోసి కొనే 18 గంటలకూ ఎకానమీలో గడిపే 24 గంటలకూ మధ్య. ఖర్చుకు వెనకాడనక్కర్లేకపోతే నా ఓటు ఏకబిగినకే. దిగి, మళ్లీ సెక్యూరిటీ, మళ్లీ గేటు అన్న టెన్షన్ ఉండదు. కానీ కాళ్లు వాచేవాళ్లు, ఒకేచోట కూర్చోలేని పెద్దవాళ్లు ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాసేపు నడవడం ఆ ఐదారు గంటల నష్టానికి తగిన లాభమే. అయితే కొన్ని దేశాల పాస్‌పోర్టులకు అక్కడ విమానం దిగి ఎక్కడానికీ ట్రాన్సిట్ వీసా అడుగుతారు. డబ్బు కట్టకముందే అది చూసుకోండి.