ఇంటికి ఫైబర్ వైరా, 5జీ డబ్బానా?

ఇంట్ల నెట్ పెట్టిచ్చుకోవాలంటే రెండు దార్లు: ఫైబర్ వైరు, లేకుంటే టవర్ సిగ్నల్ పట్టి ఇంట్ల వైఫై ఇచ్చే 5జీ డబ్బా. మన దేశంలో 2024 నాటికి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు 90 కోట్లు దాటినయ్ గానీ అందులో వైరుతో వచ్చేవి 4 కోట్ల చిల్లరే, మిగతాదంతా దాదాపు ఫోన్ల మీదనే. పక్కన బంగ్లాదేశ్‌ల 2021 జూన్‌ల దేశమంతా ఒకే రేటు అని పెట్టిన్రు, 5 ఎంబీపీఎస్ స్పీడు వైరు నెట్ అప్పట్ల నెలకు 500 టాకాలు (అక్కడి పైసలు), ఢాకా అయినా పల్లె అయినా అంతే. నాకైతే అది మస్తు నచ్చింది, మన దగ్గరైతే రేటు సంగతి తర్వాత, వైరే అంతటా లేదు: హన్మకొండల గల్లీ గల్లీకి వైరుంటది, పరకాల దిక్కు పోతే చాలా ఊర్లల్ల దొరకదు.

ఖర్చు: ఫైబర్ కొంచెం సస్తా. 18 శాతం జీఎస్టీ మర్చిపోవద్దు, 399 ప్లాన్ 471 పడ్తది.

పని: ఫైబర్‌కి స్తంభాల మీదికెళ్లి వైరు గుంజాలె, గోడకు రంధ్రం కొట్టాలె. 5జీకి మిద్దె మీద రిసీవర్ బిగిస్తే ఐపాయె, కిరాయి ఇంట్ల ఓనర్‌తో లొల్లి తక్కువ.

రిస్క్: రోడ్డు తవ్వినా, కొమ్మలు కొట్టినా వైరు తెగుతది, ఫైబర్ రౌటర్ మీద ఎర్ర లైటు కొట్టుకుంటనే ఉంటది, అతికేటోళ్లు వచ్చేదాకా ఏం చేయలేం. 5జీల తెగేది లేదు గానీ రాత్రిపూట టవర్ మీద లోడు పెరిగితే స్పీడు పడిపోతది, చాలా ప్లాన్లల్ల నెలకు 1000 జీబీ దాటినా అంతే. కరెంటు పోతే రెండూ బంద్, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండ్రి.

సొంతిల్లు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఇంటినుంచి ఉద్యోగం ఉంటే ఫైబరే. ఏడాదికో ఇల్లు మారేటోళ్లకు, వైరు రాని ఊర్లల్ల 5జీ సిగ్నల్ గట్టిగుంటే 5జీ డబ్బా.