బ్యాటరీ మిషనా, పెట్రోలు మిషనా? చెట్లు కోసేవాళ్లకు ఏది మేలు?

చెట్లు కోసే ముఠాల వాళ్లు ఈమధ్య ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, బ్యాటరీ మిషన్ తీసుకోవచ్చా, పెట్రోలుదే కొనుక్కోమంటావా?" మా ముఠాలో చెట్టెక్కే కుర్రాడి కోసం బ్యాటరీ చైన్‌సా కొన్న దగ్గర్నుంచి ఈ అడగటం మరీ ఎక్కువైంది. కింద దుంగలు కోసే మిషన్లు మాత్రం పెట్రోలువే ఉంచుకున్నాను. ఎందుకలా చేశానో చెబితే మీ సంగతి మీరే తేల్చుకోవచ్చు.

ముందు బలం గురించి రెండు ముక్కలు. బ్యాటరీదానికి దమ్ము ఉండదన్న మాట పాతబడిపోయింది. స్టిల్ కంపెనీ ఎంఎస్‌ఏ 300కి పెద్ద బ్యాటరీ తగిలిస్తే 3 కిలోవాట్ల దాకా ఇస్తుంది. వాళ్లదే 50 సీసీ పెట్రోలు మిషన్ ఎంఎస్ 261 ఇచ్చేదీ అంతే. ట్రిగ్గర్ నొక్కగానే చైను వేగం అందుకోవటంలో బ్యాటరీదే పైచేయి. అడుగు మందం జామాయిల్ దుంగ మీద రెండింటికీ పెద్ద తేడా తెలియదు. రెండడుగుల చింత మొద్దు, బాగా ఎండిన తుమ్మ లాంటివాటికి మాత్రం పెద్ద బారు (చైను తిరిగే పొడవాటి రేకు) వేసిన 70 సీసీ పెట్రోలు మిషనే కావాలి. అంతకు మించి బలం గురించి వాదించుకోవటం అనవసరం.

తేలాల్సింది ఆ బలం ఎంతసేపు ఉంటుందన్నది. లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. టూస్ట్రోక్ ఇంజన్ అందులో ఐదో వంతు చైనుకు అందిస్తే గొప్ప, మిగతాదంతా వేడీ పొగే. అంటే మన పనికి వచ్చేది యూనిట్‌న్నర, మహా అయితే రెండు. పెద్ద బ్యాటరీ అని అమ్మేదాంట్లో ఉండేది 337 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో మూడో వంతు. దాంట్లో ఎక్కువ భాగం చైనుకే చేరుతుందనుకున్నా, లీటరు పెట్రోలు చేసే పనికి ఐదారు పెద్ద బ్యాటరీలు కావాలి. కొండపి, కందుకూరు వైపు జామాయిల్, సుబాబుల్ తోటలో టన్ను లెక్కన కోతకు దిగితే ఒక్కో మిషన్ రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతుంది. అన్ని బ్యాటరీలు ఎవరూ కొనలేరు కాబట్టి, ఉన్న రెండు మూడింటినే తోటలో మళ్లీ మళ్లీ ఛార్జింగ్ పెట్టుకోవాలి.

ఇక్కడే అసలు చిక్కు. షాపువాళ్లు చెప్పే ఛార్జింగ్ టైము చల్లటి గదిలో లెక్క. లిథియం సెల్స్‌ను మామూలుగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో ఒంగోలు ఎండే ఒక్కోసారి ఆ దరిదాపులకు పోతుంది. ఇక గట్టి కర్ర మీద ఆపకుండా నడిపి తీసిన బ్యాటరీ ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. దాన్ని తీసుకెళ్లి ఛార్జర్‌లో పెడితే లైటు మాత్రం వెలుగుతుంది గానీ ఛార్జింగ్ మొదలవ్వదు. లోపలి వేడి దిగేదాకా ఛార్జరే ఆపేస్తుంది. ఫ్యాన్ ఉన్న ఛార్జర్ అయినా అది విసిరేది ఆ వేడి గాలినే కదా. ముఠా అంతా చెట్టుకింద కూర్చుని లైటు ఎప్పుడు మారుతుందా అని చూడాలి. టన్నుకింత అని కూలి తీసుకునే వాళ్లకు అంతకన్నా టెన్షన్ ఏముంటుంది?

తొందరపడి బ్యాటరీని నీళ్లతో తడిపేవాళ్లు, ఐసుపెట్టెలో పెట్టేవాళ్లు ఉన్నారు. రెండూ చేయకండి. నీడలో, గాలి తగిలేచోట వదిలేయటమే పద్ధతి. లారీ క్యాబిన్‌లోనో, ఎండలో టార్పాలిన్ కిందో పెట్టినా బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

"తోటలో మోటారు షెడ్డు ఉంది కదా, అక్కడ పెట్టుకుందాం" అంటారు రైతులు. వ్యవసాయ లైనులో కరెంటు ఉండేది తొమ్మిది గంటలే, అదీ త్రీఫేజ్. స్టార్టర్ డబ్బాలోంచి ఒక ఫేజు లాగి, న్యూట్రల్ సరిగా ఉందో లేదో చూడకుండా, వైరు కొసలు ప్లగ్గులో దోపి ఛార్జర్ పెడితే వోల్టేజి ఎంత వస్తుందో దేవుడికే తెలియాలి. పక్కపొలాల మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయినా, ఆఫ్ అయినా ఆ దెబ్బ ఛార్జర్‌కు తగులుతుంది. కాదని చిన్న జనరేటర్ తెచ్చుకుంటే దానికీ పెట్రోలే పోయాలి!

తుఫాను రోజులు వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వాన, గాలి ఏ స్థాయిలో ఉన్నాయో అందరూ చూశారు. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడి, మిషన్ల కోసం నాలుగు దిక్కుల నుంచీ ఫోన్లు వచ్చే రోజునే ఊళ్లో కరెంటు ఉండదు. అప్పుడు డబ్బాలో పెట్రోలు ఉన్నవాడిదే పని.

ఇంతవరకు చదివితే నేను పెట్రోలు పక్షమనే అనిపిస్తుంది. తోటకోత వరకు అవును, మొహమాటం లేదు. కానీ పని టౌనులోకి, ముఖ్యంగా చెట్టు పైకి మారితే నా లెక్క మారిపోతుంది.

ఒంగోలు లాయర్‌పేటలోనో, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో రెండు మేడల మధ్య వేపచెట్టు తీయాలనుకోండి. కొమ్మకొమ్మకూ తాడు కట్టి దించాలి. పైనున్నవాడు నడుముకు బెల్టు, కాళ్లకింద సన్నటి కొమ్మతో నిలబడి పెట్రోలు మిషన్ తాడు లాగటం ఎంత ప్రమాదమో ఎక్కినవాళ్లకు తెలుసు. ఒక లాగుకు స్టార్ట్ కాదు, రెండో లాగుకు ఒళ్లు తూలుతుంది. అందుకని చాలామంది కిందే స్టార్ట్ చేసి, నడుస్తున్న మిషన్‌ను తాడుతో పైకి పంపుతారు. అది ఇంకా ఘోరం. బ్యాటరీ మిషన్‌కు ఈ గొడవ లేదు. కోత కోశాడు, ట్రిగ్గర్ వదిలాడు, మిషన్ నోరు మూసుకుంది. "తాడు వదులు", "ఆగు, తీగ ఉంది" అని పైనుంచి అరిస్తే కింద తాడు పట్టినవాడికి వినపడుతుంది. పెట్రోలు మిషన్ ఐడిల్‌లో గుడగుడలాడుతుంటే సగం మాటలు సైగలే. పైన పనిలో కాళ్లు విరిగేది ఎక్కువగా ఈ వినపడని మాటల దగ్గరే అని నా నమ్మకం.

పైగా చెట్టు మీద కోత తక్కువ, సర్దుకోవటం ఎక్కువ. అడుగు మార్చాలి, తాడు ముడి చూసుకోవాలి, కిందివాళ్లు తప్పుకునేదాకా ఆగాలి. ఆ ఆగినంతసేపూ బ్యాటరీ ఖర్చు కాదు. ఒకటి వాడుతుంటే ఇంకోటి ఇంటివాళ్ల వరండాలో, ఫ్యాన్ కింద, సరైన ప్లగ్గులో ఛార్జ్ అవుతుంటుంది. తోటలో బ్యాటరీ ఓడిపోయింది ఛార్జింగ్ దగ్గరే, ఇక్కడ గెలిచేదీ ఆ ఛార్జింగ్ దగ్గరే. పొగ ఉండదు, చేతుల్లో వణుకు తక్కువ, పక్కింటివాళ్లు పోట్లాటకు రారు. చెవులకు మఫ్‌లు మాత్రం దీనికీ పెట్టుకోవాల్సిందే.

ఒక్క హెచ్చరిక. శబ్దం లేదు కాబట్టి మిషన్ ఆన్‌లోనే ఉందన్న సంగతి మర్చిపోతారు. పెట్రోలుది ఆఫ్ చేస్తే మళ్లీ తాడు లాగేదాకా బతకదు. బ్యాటరీది అరక్షణంలో తిరుగుతుంది. చైను తిరగకుండా పట్టి ఉంచే చైన్ బ్రేక్ వేయకుండా నడుముకు తగిలించుకోవద్దు, బ్యాటరీ తీయకుండా చైను ముట్టుకోవద్దు.

పెట్రోలుకూ ఎండ దెబ్బ ఉంది. టీ తాగటానికి ఆపిన వేడి మిషన్ మళ్లీ స్టార్ట్ కాక చొక్కా తడిసిపోయేలా లాగించుకుంటుంది. అంతకన్నా పెద్దది ట్యాంకు మూత. వేడి మీదున్న మిషన్ మూత గబుక్కున తిప్పితే లోపలి ఆవిరి ఒత్తిడికి పెట్రోలు ముఖం మీదికి చిమ్ముతుంది. పక్కనే వేడి సైలెన్సర్. నీడలో పెట్టి, చల్లారనిచ్చి, మూత కొంచెం కొంచెంగా వదులు చేయాలి. నీళ్ల సీసాల్లో పెట్రోలు తెచ్చే అలవాటు మానేయాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీలుస్తుంది. ఆయిల్ కలిపి నెలలు దాచిన పెట్రోలు వాడితే కార్బురేటర్ జిగురు పడుతుంది. వారానికి సరిపడా మాత్రమే కలపండి. మంచి టూస్ట్రోక్ ఆయిల్ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు.

ఖర్చు మాటకొస్తే, లీటరు 110 రూపాయలకు అటూఇటూ ఉన్న పెట్రోలుతో పోలిస్తే బ్యాటరీ నిండా పట్టే కరెంటు ఖర్చు రెండు మూడు రూపాయలే. అయితే బ్యాటరీలు, ఛార్జర్ విడిగా కొనేసరికి ఆ బిల్లు మిషన్‌ను మించిపోవచ్చు. రోజూ పని ఉన్నవాడికి గిడుతుంది, నెలకు నాలుగు చెట్లు కోసేవాడికి గిట్టదు.

ఏది కొన్నా ఆకురాయి జేబులో ఉండాలి. కొత్తపట్నం, సింగరాయకొండ తీరంలో సరుగుడు నరికేటప్పుడు మొదలు దగ్గర ఇసుక తగిలితే చైను పళ్లు క్షణంలో మొద్దుబారిపోతాయి. పొట్టు పొరలు పొరలుగా కాకుండా పిండిలా రాలుతోందంటే ఆపి పదును పెట్టాల్సిందే. పెట్రోలు మిషన్ మొద్దు చైనుతో కూడా ఎలాగోలా లాగేస్తుంది, బ్యాటరీదైతే ఆ మొండితనానికి ఛార్జింగ్ సగానికి సగం తగలేస్తుంది. బ్యాటరీ మిషన్లకు ఎక్కువగా సన్న చైన్లే వస్తాయి, వాటికి ఆకురాయి కూడా సన్నదే కావాలి. పెద్ద మిషన్‌కు వాడే 5.2 మిల్లీమీటర్లది దీనికి పెడితే పళ్లు పాడైపోతాయి.

మిగతావాటికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. వైరుతో నడిచే కరెంటు మిషన్ అడితిలో కట్టెలు కోయటానికి. ఆన్‌లైన్‌లో వచ్చే జానెడు బారు బ్యాటరీ రంపాలు పొదలకూరు నిమ్మతోటల్లో, ఉలవపాడు మామిడిలో ఎండుపుల్లలు తీయటానికి పనికొస్తాయి, వాటితో చెట్లు కోస్తామంటే కుదరదు. పేరు ఊరూ లేని చవక 58 సీసీ మిషన్లు స్పేర్‌పార్టులు దొరికినన్నాళ్లు నడుస్తాయి.

కొనేముందు రిపేరు ఎక్కడో కూడా అడగండి. పెట్రోలు మిషన్ పొద్దున మొరాయిస్తే సాయంత్రానికి బాగుచేసే మెకానిక్ ఒంగోల్లోనూ, నెల్లూర్లోనూ దొరుకుతాడు. బ్యాటరీ మిషన్‌లో బోర్డు పోతే పెట్టెలో సర్ది బయటి ఊరికి పంపాలి, వచ్చేదాకా వారాలు పట్టినా పట్టొచ్చు. అందుకే చెట్టు మీద పనికి బ్యాటరీది వాడుతున్నా, పాత చిన్న పెట్రోలు మిషన్‌ను నేను అమ్మలేదు.