బరువు సర్జరీ ముందు భయం: ఫోనా, మొక్కా, నోట్‌బుక్కా, వాయిదానా?

బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే "స్లీవ్" ఆపరేషన్‌కు డేటు ఖాయమైన రోజు రాత్రి రెండు గంటలకు ఫోన్‌లో నేను వెతికిన మాట "స్లీవ్ సర్జరీ చావు". నాకు 42 ఏళ్లు, 118 కిలోలు, షుగర్, గోడలదిరే గురక. ఆరు నెలలు ఆలోచించి నేనే తీసుకున్న నిర్ణయం అది. అయినా డేటు పడేసరికి కడుపులో తిప్పడం మొదలైంది. ఆ తర్వాతి రోజుల్లో భయం తగ్గించుకోవడానికి నేను చేయని ప్రయత్నం లేదు. వాటిలో కొన్ని పనికొచ్చాయి, కొన్ని నన్ను ముంచాయి.

ముంచినవాటిలో మొదటిది ఫోన్. ఒక వీడియో చూస్తే దాని కింద పది వస్తాయి, ఒక్కోటి ముందుదానికన్నా భయంకరం. ఆపరేషన్ బాగా జరిగినవాళ్లు ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు, కూర్చుని వీడియోలు చేయరు కదా. పైగా అక్కడ అన్నీ కలగాపులగం. 2015లో ఒక తెలుగు నటి అమెరికాలో చనిపోయినప్పుడు వార్తల్లో లైపోసక్షన్ మాట వినబడింది. ఇప్పటికీ మా బంధువుల్లో సగం మందికి బరువు సర్జరీ అంటే అదే. చర్మం కింద కొవ్వు లాగేయడం వేరు, జీర్ణాశయం చిన్నది చేయడం వేరు. ఫోన్ వల్ల నాకు కలిగిన మేలు ఒక్కటే: లీక్ (లోపలి కుట్ల దగ్గర కారడం), రక్తస్రావం, రక్తం గడ్డకట్టడం అని ప్రమాదాల పేర్లు తెలిశాయి. ఎంతమందిలో ఒకరికి వస్తాయో మాత్రం తెల్లవారేదాకా చూసినా తెలియలేదు.

మా అమ్మది ఇంకో దారి. "ఏం కాదు నాన్నా, వెంకన్న చూసుకుంటాడు" అని మొక్కుకుంది. ఆ మాటకు ఆ పూట నిద్ర పట్టింది, కాదనను. కానీ "ఏం కాదు" అనుకున్నవాడు డాక్టర్ చెప్పేది సగమే వింటాడు. రోజుకు నాలుగు సిగరెట్ల సంగతి నేను ఎక్కడా చెప్పలేదు, ఎలాగూ ఏం కాదు కదా అని. మొక్కు మొక్కే, దాంతో పాటు నోరు కూడా విప్పాలి.

నోరు విప్పించింది మా ఆవిడ. పిల్లాడి పాత నోట్‌బుక్ నా ముందు పడేసి, "రాత్రిళ్లు నన్ను లేపి అడిగేవన్నీ ఇందులో రాయండి, పొద్దున డాక్టర్‌ని అడుగుదాం" అంది. పదిహేడు ప్రశ్నలయ్యాయి. చదివి చూసుకుంటే వాటిలో తొమ్మిది ఒకటే ప్రశ్న: నేను బతికి బయటికొస్తానా?

మొదట వెళ్లిన ఆసుపత్రిలో "అవన్నీ మీకెందుకు, మాకు వదిలేయండి" అన్నారు. ఆ మాటతో భయం రెట్టింపైంది. అది న్యాయమైన భయమే, అందుకే ఆసుపత్రి మార్చాను. రెండో చోట సర్జన్ నోట్‌బుక్ తీసుకుని ఒక్కో ప్రశ్నకూ జవాబిచ్చారు. 2009లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో 4,776 మందిని చూస్తే, ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో చనిపోయినవాళ్లు వెయ్యికి ముగ్గురు. ఇప్పుడు దాదాపు వెయ్యికి ఒకరు, అంటే గాల్‌బ్లాడర్ ఆపరేషన్ స్థాయి అన్నారు. లీక్ అయితే గుండె వేగం పెరుగుతుంది, జ్వరం, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి, వెంటనే రావాలి అన్నారు. రక్తం గడ్డ కాలి నుంచి ఊపిరితిత్తులకు చేరడమే అసలు ముప్పు, అందుకే కాళ్లకు బిగుతు మేజోళ్లు, ఇంజెక్షన్లు, అదే రోజు లేచి నడవడం. "నడక మాత్రం మీ చేతిలో పనే" అన్నప్పుడు మొదటిసారి కాస్త గాలి పీల్చుకున్నాను.

ఇక్కడే నా ఇంకో తప్పు బయటపడింది. నేను స్లీవ్ కోరుకున్నది పేగుల జోలికి వెళ్లరన్న ధైర్యంతోనే. కానీ స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు, మళ్లీ పెట్టలేరు. పైగా నాకు ఏళ్ల తరబడి గుండెల్లో మంట. స్లీవ్‌తో అది పెరగొచ్చు. ఎండోస్కోపీ చూశాక సర్జన్ బైపాస్ మేలన్నారు (గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలిపేది). కాకపోతే దాని తర్వాత విటమిన్లు, ఐరన్, కాల్షియం జీవితాంతం జాగ్రత్తగా వేసుకోవాలి. మంట లేనివాళ్లకు లెక్క వేరుగా తేలవచ్చు. భయంతో ఎంచుకుని ఉంటే నేను తప్పుదే ఎంచుకునేవాణ్ని.

సర్జన్ కన్నా నాకు ముఖ్యమనిపించింది మత్తు డాక్టర్. మనలో చాలామందికి కత్తి కన్నా "మళ్లీ లేస్తానా" అన్నదే భయం. కానీ ఆ డాక్టర్‌తో విడిగా కూర్చుని మాట్లాడేవాళ్లు తక్కువ. ఆయన గురక గురించే పావుగంట అడిగారు. నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, తేలింది, రాత్రిళ్లు గాలి మిషన్ పెట్టుకోమన్నారు. సిగరెట్ల సంగతి చెప్పాక డేటు ఆరు వారాలు వెనక్కి జరిగింది.

నిజానికి అంతకుముందు నుంచే నా మనసు వాయిదా కోరుతోంది: సంక్రాంతి అయ్యాక, పిల్లాడి పరీక్షలయ్యాక. అలా వాయిదా వేస్తే ఆ రోజుకు హాయి, షుగర్ మాత్రం ఆగదు. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల సగటు ఆయుష్షు అంతే బరువుండి చేయించుకోనివాళ్ల కన్నా సుమారు మూడేళ్లు ఎక్కువని తేలింది. ఆగడంలోనూ ప్రమాదం ఉంది, కాకపోతే దానికి ఎవరూ మన చేత సంతకం పెట్టించుకోరు. డాక్టర్ ఇచ్చిన ఆరు వారాలు మాత్రం వేరు. సిగరెట్ మానాను, చివరి రెండు వారాలు కాలేయం చిన్నదయ్యేలా చెప్పిన తిండే తిన్నాను. 2025లో మన దేశానికి వచ్చిన మౌంజారో లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగాను. మంచి మందులే, కానీ ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది, ఆలోచించుకోమన్నారు. నేను ఆపరేషన్‌కే ఓటేశాను. బరువు నా అంత లేనివాళ్లు ముందు ఆ దారి అడిగి చూడటం మంచిది.

చివరిగా, ఏడాది క్రితం చేయించుకున్న ఒక అక్కతో డైటీషియన్ మాట్లాడించారు. ఒక్క ఇడ్లీ అరగంట తినడం, నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు, మొదటి వారం "ఎందుకు చేయించుకున్నానా" అని ఏడవడం, ఇవన్నీ ఆవిడే చెప్పింది. అంకెలకు డాక్టర్, రోజులు ఎలా గడుస్తాయో తెలియడానికి ఆవిడ. అయితే అది ఒక్క మనిషి కథేనని ఆవిడే రెండుసార్లు గుర్తుచేసింది.

నన్నడిగితే నోట్‌బుక్కు మొదటి స్థానం, అక్కకు రెండోది, ఫోన్‌కు అట్టడుగున.

ఆపరేషన్ రోజు పొద్దున నా బీపీ 160. "భయమా సార్?" అంది నర్సు. అవునన్నాను. నోట్‌బుక్ మా ఆవిడకిచ్చి, ఇంటికొచ్చాక గుండె దడ ఎక్కువైతే ఎవరికి ఫోన్ చేయాలో రాసిన పేజీ మడిచి చూపించాను. "నాకు తెలుసు, నేనేగా రాసింది" అంది.