‘ఈదర్/ఆర్’ విస్తృత ప్రతి: రెండు గొంతుల మధ్య సన్నని ఎడం

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత ఎలియట్ స్మిత్ 1997లో వెలువరించిన ‘ఈదర్/ఆర్’ ఆల్బమ్‌కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా 2017లో వచ్చిన ఈ విస్తృత ప్రతిని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడమే మేలు. ఒకే చరణాన్ని రెండుసార్లు పాడి ఒకదానిపై ఒకటి పేర్చడం ఆయన పద్ధతి. ‘బిట్వీన్ ద బార్స్’ పాటలో ఆ రెండు గొంతులు ఒక్కటిగా వినిపిస్తూనే, పదాల చివర వెంట్రుకవాసి తేడాతో విడిపోతుంటాయి, తీగలపై వేళ్లు జారే చప్పుడు కూడా దాగదు. పోర్ట్‌లాండ్ రాక్ బృందం హీట్‌మైజర్‌లో హోరెత్తించినవాడే ఇంత మెల్లగా పాడాడంటే నమ్మబుద్ధి కాదు. 1998 ఆస్కార్ వేదికపై పాడటం, ఆ పైన పెద్ద రికార్డు సంస్థకు చేసిన ఆల్బమ్‌లలోని నిండు వాద్యగోష్ఠి ఆయనకు పేరు తెచ్చాయి గాని, నా మటుకు నాకు ఈ పొదుపే ఇష్టం. రెండో డిస్కులోని కచేరీ పాటలు విలువైనవే. మిగిలిన అదనపు పాటలు వీరాభిమానులకు మాత్రమే.