సొంత మెయిల్ సర్వర్‌కి స్పామ్ బెడద: గేటు కాడే ఆపాలా, లోపలికి రానిచ్చి ఏరుకోవాలా? ఏది మేలు?

చీమకుర్తి గ్రానైట్ వాళ్ళిద్దరికి, కావలి వైపు రొయ్యల ఎగుమతి చేసే ఒకాయనకి మెయిల్ సర్వర్ నేనే చూసుకుంటా, ఒంగోల్లో ఇంట్లో కూచుని. అన్నీ కలిపినా అరవై మెయిల్‌బాక్సులు దాటవు. అద్దె వీపీఎస్ (ఇంటర్నెట్లో అద్దెకిచ్చే సర్వర్) మీద మెయిల్ తీసుకుని పంపే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూపించే డవ్‌కాట్, అంతే సరంజామా. గూగుల్‌కో మైక్రోసాఫ్ట్‌కో నెలనెలా కట్టేస్తే పోద్ది కదా ఈ తంటా అంతా ఎందుకు అంటారా, అది వేరే పంచాయితీ, ఇక్కడ సర్వర్ మనదే అనుకుని మాట్లాడుకుందాం.

వీళ్ళ మెయిల్‌తో ఒక తిరకాసు ఉంది. అసలు మెయిలే స్పామ్ లాగా ఉంటది. "అర్జెంట్", "ప్రొఫార్మా ఇన్వాయిస్ అటాచ్ చేశాం", "అడ్వాన్స్ పంపాం స్విఫ్ట్ కాపీ చూడండి", "కంటైనర్ ఎప్పుడు కదులుద్ది", బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కొనే ఇటలీ ఆయన రాసేదీ ఇదే, దొంగనాయాలు రాసేదీ ఇదే. పైగా ఆ కొనేవాళ్ళు కూడా చిన్నచిన్న కంపెనీలు, వాళ్ళ సర్వర్‌కి సరైన రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే నమోదు) ఉండదు, ఎస్‌పీఎఫ్ (ఆ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే లైను) తప్పుగా రాసుకుని ఉంటారు. చెత్త మెయిళ్ళు వంద వచ్చినా ఓనర్ తిట్టుకుంటా డిలీట్ చేసుకుంటాడు, ఒక్క ఎంక్వయిరీ స్పామ్ ఫోల్డర్లో పడి తొమ్మిది రోజుల తర్వాత కనబడితే మాత్రం "ఏందయ్యా ఇది" అని ఫోన్ నాకొచ్చిద్ది. వచ్చింది కూడా. అందుకని ఏది మేలు అని చూసేటప్పుడు నేను అడిగేది ఎంత స్పామ్ పట్టిద్ది అని కాదు, తప్పు చేసినప్పుడు ఆ సంగతి ఎవరికైనా తెలిసిద్దా లేదా అని.

ముందు అందరికీ తట్టే ఉపాయం సంగతి తేల్చేద్దాం. స్పామ్ వచ్చిన ఐపీ చూసి ఫైర్‌వాల్లో పెట్టడం, ఇంకా విసుగొస్తే ఆ దేశం మొత్తాన్నే కట్ చేయడం. లోకల్ వ్యాపారం వాళ్ళకి చెల్లుద్దేమో గానీ ఎగుమతి వాళ్ళకి దేశాలు బ్లాక్ చేయడం అంటే కొట్టు తలుపుకి తాళం వేసి లోపల కూచోవడమే. ఐపీలు ఒక్కొక్కటే చేత్తో రాయడం చెలమలో నీళ్ళు తోడినట్టు, తోడేకొద్దీ ఊరతానే ఉంటది. నేనూ మొదట్లో రెండు నెలలు చేశా, ఆ లిస్టు ఇప్పుడు చూస్తే నవ్వొచ్చిద్ది.

ఇక అసలు పోటీ. గేటు కాడ ఆపే పద్ధతంటే మెయిల్ లోపలికి తీసుకోకముందే, ఆ కనెక్షన్ నడుస్తుండగానే 550, అంటే తీసుకోను, అని చెప్పి పంపేయడం. పోస్ట్‌ఫిక్స్ 2.8 నుంచి, అంటే 2011 నుంచి, దీనికి పోస్ట్‌స్క్రీన్ అని కాపలావాడు ఉన్నాడు. వాడు చేసే పని నాకు భలే ఇష్టం. ఎస్‌ఎంటీపీలో, అంటే సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో, ముందు సర్వర్ పలకరించాలి, తర్వాతే వచ్చినవాడు మాట్లాడాలి, అది మర్యాద. పోస్ట్‌స్క్రీన్ సగం పలకరింపు పంపి మామూలుగా ఆరు సెకన్లు ఆగుద్ది, స్పామ్ బాట్‌కి ఓపిక ఉండదు కదా, మధ్యలోనే నోరు తెరుస్తది, దొరికిపోద్ది. ఆ ఆరు సెకన్లలోనే బ్లాక్‌లిస్టుల్ని (చెడ్డపేరున్న ఐపీల పట్టికల్ని) కూడా అడిగేస్తది. అసలు సర్వర్లకి దీనివల్ల ఏ నష్టమూ లేదు. ఒకసారి పాసైన ఐపీని గుర్తుపెట్టుకుని కొంతసేపటి దాకా మళ్ళీ ఆపదు.

బ్లాక్‌లిస్టుల్లో స్పామ్‌హౌస్ అనే సంస్థ వాళ్ళ జెన్ లిస్టు ఒక్కటే నేను ఒంటిచేత్తో రిజెక్ట్ చేయనిచ్చేది. మిగతావాటికి తలా ఒక మార్కు ఇచ్చి, మూడు మార్కులు దాటితేనే ఆపమని పెట్టా. ఎందుకంటే లిస్టులు కూడా చచ్చిపోతాయి. ఓఆర్‌డీబీ అని ఒకటుండేది, 2006లో మూసేశారు, జనం కాన్ఫిగ్‌లోంచి తీయలేదు, 2008లో అది ఏ ఐపీ అడిగినా "ఉంది ఉంది" అనడం మొదలెట్టింది, దాన్నే నమ్ముకున్న సర్వర్లు వచ్చిన ప్రతి మెయిల్‌నీ తిప్పికొట్టాయి. సార్బ్స్ కూడా 2024లో ఆగిపోయింది. పాత ట్యుటోరియల్ చూసి కాన్ఫిగ్ అతికించేవాళ్ళు కాస్త ఆ పేర్లు వెతికి తీసేయండి.

ఇందులో నేను పడ్డ గొయ్యి ఒకటి చెప్తా. ఒకరోజు సాయంత్రం సర్వర్ స్లోగా ఉందని డీఎన్‌ఎస్ రిజాల్వర్ (పేర్లకి ఐపీలు వెతికిపెట్టేది, బ్లాక్‌లిస్టుల్ని అడిగేదీ దీని ద్వారానే) మార్చి ఒక పబ్లిక్ డీఎన్‌ఎస్ పెట్టా. పబ్లిక్ రిజాల్వర్ నుంచి వచ్చే ప్రశ్నలకి స్పామ్‌హౌస్ అసలు జవాబు ఇవ్వదు, 127.255.255.254 అని ఎర్రర్ కోడ్ ఇస్తది. నేనేమో పోస్ట్‌ఫిక్స్‌లో ఏ జవాబొచ్చినా రిజెక్ట్ అన్నట్టు రాసి పెట్టుకున్నా, 127.0.0.2 నుంచి 127.0.0.11 లోపల ఉంటేనే (లిస్టులో ఉందనే అసలు జవాబులు అవే) అని రాయలా. రాత్రంతా ఒక్క మెయిల్ లోపలికి రాలేదు. పొద్దున్నే ఓనర్‌కి వాట్సాప్‌లో కొనేవాళ్ళ నుంచి స్క్రీన్‌షాట్లు, మీ సర్వర్ నన్ను స్పామ్ అంటోంది అని. తల తీసేసినట్టయింది గానీ ఒకటి గమనించండి, తెల్లారేసరికి తెలిసిపోయింది. పంపినవాడికి బౌన్స్ వెళ్ళింది, వాడు వేరే దారిలో చెప్పాడు. అదే స్పామ్ ఫోల్డర్ తప్పయితే తొమ్మిది రోజులు ఎవరికీ తెలీలా. అప్పట్నుంచి సర్వర్లోనే అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టుకుని దాన్నే అడగమంటున్నా. ఇంకోటి, స్పామ్‌హౌస్ ఉచితంగా ఇచ్చేది తక్కువ మెయిల్ ఉండే, వ్యాపారం కాని వాడకానికి, కంపెనీలకి పెట్టేవాళ్ళు షరతులు చదివి కీ తీసుకోండి.

గ్రేలిస్టింగ్ గురించి రెండు ముక్కలు. కొత్తవాడెవడొచ్చినా "తర్వాత రా" అని 450 చెప్పి పంపడం, నిజమైన సర్వరైతే మళ్ళీ వస్తది, బాట్ రాదు అని లెక్క. 2003లో ఈ ఆలోచన వచ్చినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది, ఇప్పుడు బాట్‌లు కూడా మళ్ళీ వస్తున్నాయి. ఈ పని చేసే పోస్ట్‌గ్రే మామూలుగా 300 సెకన్లు ఆపుద్ది, కానీ అవతలి సర్వర్ అయిదు నిమిషాలకే తిరిగి రావాలని రూలేం లేదు, అరగంట ఆగి ప్రయత్నించమనే ప్రమాణంలో ఉంది. ఈలోగా అకౌంటెంట్ ఏదో పోర్టల్ ఓటీపీ కోసం ఎదురుచూస్తా ఉంటాడు, ఓటీపీ గడువు పది నిమిషాలు. పెద్ద కంపెనీల మెయిల్ ఒక్కోసారి ఒక్కో ఐపీ నుంచి వచ్చిద్ది, ప్రతిసారీ కొత్తవాడే అయిపోతాడు. అందరికీ గ్రేలిస్టింగ్ పెట్టడం వద్దు.

ఇంక లోపలికి రానిచ్చి ఏరే పద్ధతి, అంటే మెయిల్ చదివి మార్కులేసే ఫిల్టర్లు. స్పామ్‌అసాసిన్ పాతకాపు, 2001 నుంచి ఉంది, 5 మార్కులు దాటితే స్పామ్ అంటది. రూల్ రాయడం చాలా సులువు, ఒక పేరు, ఒక రెజెక్స్ (వెతకాల్సిన మాటల నమూనా), ఒక స్కోరు, అయిపోయె. దాని బేయెస్ (చూపించిన మెయిళ్ళ నుంచి నేర్చుకునే భాగం) పనిచేయాలంటే కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిళ్ళు చూపించాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే, స్పామ్ మాత్రమే నేర్పిస్తారు, మంచివి నేర్పించరు, మా గ్రానైట్ వాళ్ళ కేసులో అయితే ఇన్వాయిస్ అనే మాటే నేరం అయి కూచుంది. ఇంకో ఇబ్బంది ఏంటంటే చాలా సెటప్పుల్లో ఇది మెయిల్ తీసుకున్నాక నడుస్తది. తీసుకున్నాక రిజెక్ట్ చేయలేం, బౌన్స్ పంపితే ఆ ఫ్రమ్ అడ్రస్ దొంగది కాబట్టి ఎవరో అమాయకుడికి పోద్ది, మనమే స్పామర్ అయిపోతాం. ఇక మిగిలేది ఫోల్డర్లో పడేయడమే, అంటే నేను భయపడే నిశ్శబ్దం తప్పు. మిల్టర్ (మెయిల్ తీసుకోకముందే ఫిల్టర్‌ని అడిగే దారి) ద్వారా పెడితే ముందే ఆపొచ్చు, కాదనను.

రెండో ఫిల్టర్ ఆర్‌స్పామ్‌డీ మామూలుగా మిల్టర్ లాగే కూచుంటది, సీలో రాశారు, వేగం తేడా కంటికే తెలుస్తది. నాకు నచ్చింది దాని మెట్లు: 4 దాటితే గ్రేలిస్ట్, 6 దాటితే హెడర్‌లో (మెయిల్ వెనక కనబడకుండా ఉండే వివరాల్లో) స్పామ్ అని రాయడం, 15 దాటితే రిజెక్ట్. అంటే అనుమానం ఉన్నవాడినే కాసేపు గుమ్మంలో నిలబెట్టిద్ది, ఓటీపీ పంపేవాళ్ళని కాదు. రెడిస్ అనే డేటాబేస్ కూడా కావాలి, ఒక సర్వీస్ ఎక్కువ, కాన్ఫిగ్ ఫైళ్ళు పది చోట్ల ఉంటాయి, మొదటి వారం తల తిరుగుద్ది. కానీ ఎగుమతి వాళ్ళకి బంగారం లాంటి మాడ్యూల్ ఒకటుంది, రిప్లైస్ అని. మనవాళ్ళు పంపిన మెయిల్ మెసేజ్ ఐడీ దాచిపెట్టుకుని, దానికి జవాబొస్తే అడ్డు చెప్పకుండా వదిలేట్టు పెట్టొచ్చు. డిఫాల్ట్ గడువు ఒక్కరోజే. ఇటలీ ఆయన కొటేషన్‌కి జవాబు రాయడానికి రెండు వారాలు తీసుకుంటాడు, నలభై రోజులకి పెంచా. దీనితోనే ఫిర్యాదులు సగానికి పైగా పోయాయి.

ఆనవాలు పట్టడం సంగతి ఇందాకే చెప్పాల్సింది. లోపలికొచ్చిన స్పామ్ ఎక్కడిదో చూడాలంటే హెడర్ చాలు, కాకపోతే రిసీవ్డ్ లైన్లలో మన సర్వర్ రాసిన పై లైన్ ఒక్కటే నమ్మాలి, కింద ఉన్నవి పంపినవాడు ఎన్నయినా అల్లి పెట్టొచ్చు. అందులో ఐపీ తీసుకుని హూఈజ్ (ఐపీ ఎవరిదో చెప్పేది) కొడితే అబ్యూస్ అడ్రస్ వచ్చిద్ది, ఫిర్యాదు రాయొచ్చు, జవాబొచ్చింది మాత్రం నాకు వేళ్ళమీద లెక్కే.

మన సర్వర్ నుంచే స్పామ్ బయటికి పోతుంటే హెడర్ పనికిరాదు, లాగ్ కావాలి. ఒక అకౌంట్స్ అబ్బాయి పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన 123. ఒక ఆదివారం క్యూలో వేల మెయిళ్ళు. క్యూ చూసి ఒక ఐడీ పట్టుకుని మెయిల్ లాగ్‌లో గ్రెప్ కొడితే, అంటే వెతికితే, సాసల్ యూజర్‌నేమ్ (లాగిన్ అయిన పేరు) అని వాడి పేరు కనబడింది, ప్రతి లైన్లో ఐపీ మాత్రం వేరు. ఇక్కడే రెండు మందులు ఫెయిల్. తప్పు లాగిన్లు చూసి ఐపీని ఆపే ఫెయిల్‌టుబ్యాన్ మామూలుగా పది నిమిషాల్లో అయిదు తప్పులు చేస్తేనే పట్టిద్ది, ఇప్పటి పాస్‌వర్డ్ దొంగలు ఐపీకి గంటకొకసారి గెలుకుతారు. పోస్ట్‌ఫిక్స్ సొంత రేట్ లిమిట్ ఐపీని బట్టి లెక్కేస్తది, యూజర్‌ని బట్టి కాదు. ఆర్‌స్పామ్‌డీలో యూజర్‌కి గంటకి ఇన్ని అని పెట్టొచ్చు, అది పెట్టా, బయటి సర్వర్లు మెయిల్ తెచ్చిచ్చే 25 పోర్టులో లాగిన్ పూర్తిగా తీసేశా. లాగ్‌లు ఎలాగూ పారేయకూడదు, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఆదేశాల్లో 180 రోజులు ఉంచమన్నారు, పాత లాగ్‌లు తీసేసే లాగ్‌రొటేట్ మామూలుగా నెలకే తుడిచేస్తది, చూసుకోండి.

నన్నడిగితే గేటు కాడ ఆపడమే మేలు: పోస్ట్‌స్క్రీన్, జెన్ ముందు, వెనకాల ఆర్‌స్పామ్‌డీ 15కి రిజెక్ట్. 6కి 15కి మధ్య పడేవి మాత్రం స్పామ్ ఫోల్డర్‌కే పోతాయి, రోజూ పొద్దున ఆ లిస్టు ఒక్క మెయిల్‌గా ఓనర్‌కి పోయేట్టు చిన్న స్క్రిప్టు రాసి పెట్టా, టీ తాగతా చూసుకుంటాడు. బ్యాంక్ అకౌంట్ మారింది అని ఒక అక్షరం తేడా డొమైన్ నుంచి వచ్చేది మాత్రం ఏ ఫిల్టరూ గ్యారంటీగా పట్టలేదు, వాడి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనా అని చూసే పరీక్షలు) అన్నీ శుభ్రంగా ఉంటాయి. దానికి ఫోన్ చేసి అడగడమే.

గ్రానైట్ వాళ్ళిద్దర్నీ మార్చేశా. రొయ్యల ఆయన ఇంకా స్పామ్‌అసాసిన్ మీదే ఉన్నాడు, రొయ్యల పట్టుబడి టైమ్‌లో సర్వర్ కదిలిస్తే నన్ను చెరువులో తోస్తాడు, సరుకు కంటైనర్ ఎక్కాక చూస్తా.