45 నిమిషాల ఇంటర్వ్యూ, 23 రోజుల నిరీక్షణ

పేరున్న ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇంజినీరు ఉద్యోగానికి ఇటీవల ఇంటర్వ్యూకు హాజరయ్యాను. ఉద్యోగం రాలేదు, కానీ నా ఫిర్యాదు దాని గురించి కాదు. ఇంటర్వ్యూ ముగిశాక అభ్యర్థిని ఆ సంస్థ పట్టించుకోని తీరు గురించి.

రిక్రూటర్‌తో ఫోన్ సంభాషణ, 90 నిమిషాల ఆన్‌లైన్ పరీక్ష మామూలుగానే గడిచాయి. ఆ తర్వాత ఒకే రోజున 45 నిమిషాల చొప్పున మూడు రౌండ్లు పెట్టారు. వాటిలో మొదటిది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. సమాచారాన్ని త్వరగా అందేలా తాత్కాలికంగా దాచి, చోటు నిండితే చాలాసేపటిగా వాడనిదాన్ని ముందుగా తొలగించే ఎల్ఆర్‌యూ క్యాష్ అనే నిల్వకు కోడ్ రాయమన్నారు. అందులోని సమాచారం ఎంత పెరిగినా వెతకడానికీ చేర్చడానికీ పట్టే సమయం పెరగకూడదన్నది షరతు. కోడ్‌లో తప్పులు పట్టి చూపే కంపైలర్ లేని మామూలు డాక్యుమెంటులోనే కోడ్ రాయాలి. పేరు ఇస్తే దాని సమాచారాన్ని వెంటనే వెతికిచ్చే హ్యాష్ మ్యాప్‌కు తోడుగా, ఒక్కో అంశం (నోడ్) తన తర్వాతిదాన్ని మాత్రమే చూపే, ఒకవైపే లింకులుండే లిస్టును నేను ఎంచుకున్నాను. ఇంటర్వ్యూ చేస్తున్నావిడ అది తప్పని అనలేదు. "మధ్యలో ఉన్న నోడ్‌ను తీసేయాలంటే దాని ముందున్నది ఏదో మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగి, నేను ఆలోచించుకునేదాకా ఓపికగా ఆగారు. రెండువైపులా లింకులుండాలని అప్పుడు నాకే తట్టింది. కోడ్ పూర్తయ్యాక క్యాష్‌లో రెండింటికే చోటుందనుకుని, మూడోది వచ్చినప్పుడు ఏది పోతుందో వరుసవారీగా చూపించమన్నారు. అభ్యర్థి ఆలోచనను పరీక్షించడమంటే ఇదే.

డిజైన్ రౌండుకు ఇంటర్వ్యూ చేసే వ్యక్తి 12 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు, ఆ సమయాన్ని చివర్లో కలపలేదు. పొడవైన వెబ్ చిరునామాలను కుదించే సేవను రూపొందించమన్నారు. అంకెలు, చిన్న పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు కలిపి 62 గుర్తులు కనుక, ఆరు స్థానాల్లో సుమారు 5,680 కోట్ల చిరునామాలు ఇమడతాయని లెక్క చెబుతుండగానే సమయం అయిపోయిందన్నారు. డేటాబేసు దాకా వెళ్లనే లేదు. మేనేజరుతో జరిగిన చివరి రౌండులో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు.

ఫలితం వారంలోగా చెబుతామన్నారు. నేను రెండుసార్లు మెయిల్ రాసినా జవాబు రాలేదు. 23వ రోజున, తిరిగి జవాబివ్వడానికి వీల్లేని చిరునామా నుంచి, అందరికీ పంపే నాలుగు వాక్యాల తిరస్కరణ వచ్చింది. పెద్ద సంస్థలు న్యాయపరమైన చిక్కులకు జంకి కారణాలు చెప్పవని నాకు తెలుసు. అయినా, సెలవు పెట్టుకుని, వారాల తరబడి సిద్ధమై వచ్చిన మనిషికి ఏ రౌండులో వెనకబడ్డాడో ఒక్క ముక్కలో చెప్పడం మర్యాద అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి రౌండులో ఆవిడ చూపిన శ్రద్ధ వల్ల, మళ్లీ పిలుపు వస్తే వెళతాను. అయితే ఈసారి ఫలితం చెప్పే తేదీని ముందే మెయిల్‌లో రాసివ్వమని అడుగుతాను. ఎవరైనా ఆలస్యంగా వస్తే, ఆ రౌండును మరో రోజుకు మార్చమని అప్పటికప్పుడే కోరతాను.